కూర్చున్న కూలి

జమీలాబీ మొగుడికి డాక్టర్లు ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు గానీ నోటి జోలికి పోలేదు. వాళ్ళ మీద ఆమెకున్న ఫిర్యాదు అదొక్కటే. టీలో చక్కెర లేదని (షుగరుతో కాలు పోగొట్టుకున్న మనిషి!), ఎండ ఎక్కువని, ఫ్యాను తక్కువని, ఆటోవాడు తనకల్లు రోడ్డులో ఉన్న గుంతలన్నీ వెతికి మరీ దింపాడని, పొద్దున పదిన్నరకే మాబు సాబ్ ఒక రోజుకు సరిపడా మాట్లాడేశాడు. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న లేత్ మిషన్ను తిడుతున్నాడు.

"ఇది ఎప్పుడు ఇంత ఎత్తు పెరిగిందే జమీలా?"

"అది పెరగల్యా. నువ్వు తగ్గినావు," అంది ఆమె, గరుకు కాగితంతో పప్పుగుత్తి రుద్దుతూ, తల ఎత్తకుండా.

నిజమే. మిషను నిలబడే మనిషికి చేసింది. చెక్క తిరిగే చోటు నిలబడితే మోచేతికి వచ్చేది, ఇప్పుడు గడ్డానికి వచ్చింది. కుర్చీ చేతులు ఇనుప స్టాండుకు తగిలి అతణ్ణి మూరెడు దూరంలోనే ఆపేస్తున్నాయి. అయినా స్విచ్చి వేయించి, ఒళ్ళంతా ముందుకు సాచి ఉలి పెట్టాడు. వేపచెక్క ఉలిని పట్టుకుని విసిరికొట్టింది. పొట్టు కళ్ళలో, నోట్లో పడింది. ఉలి పోయి గోడకు తగిలింది.

మాబు సాబ్ పొట్టు ఉమ్మేసి, ఉలి పోయిన వైపు చూశాడు.

ముందు అంగడి, వెనక రేకుల షెడ్డు. రెంటికీ మధ్య గుమ్మంలో యజమాని బదరీనారాయణ కుర్చీ, దాని మీద రెండు దిండ్లు. తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేస్తాడు. ఆ చోట కూర్చుని పూర్తి సంపాదన సంపాదించే మనిషి ఆయనొక్కడే.

"చూస్తిమి గదా మాబూ," అన్నాడాయన, జాలిని గొంతులోకి తెచ్చుకుని. "మావాళ్ళు కుర్చీ ఇప్పించినారు. ఇంక మేము చేసేదేముండాది? కదిరాయన మిషను కొంటానని అడుగుతాండాడు. ఆదివారం ఆటో పంపిస్తానన్నాడు."

కుర్చీని ఊరి వ్యాపారుల సంఘం ఇచ్చింది. శాలువా కప్పారు, మైకులో మాట్లాడారు, ఫోటో తీశారు. కుర్చీ వెనక దాతల పేర్లు పదకొండు రాయించారు, మొదటిది బదరీనారాయణది. అందులో కూర్చున్నవాడికి తప్ప ఊరందరికీ అవి కనబడతాయి.

"ఆదివారానికి ఇంకా మూడు దినాలుండాయి గదా సావుకారీ," అంది జమీలాబీ. "మిషను కాళ్ళు కోసుకుంటాం."

"మిషను కాళ్ళా?"

"మనిషి కాలే కోసినారు. ఇనుముది కోసేదానికి ఏమి?"

పక్కన వార్నీషు పూస్తున్న నాగలక్ష్మి కిసుక్కున నవ్వి, దగ్గినట్టు నటించింది. బదరీనారాయణ నవ్వలేదు. "మీ దుడ్లతో కోసుకోండి. చెడిపోతే మాత్రం నన్ను అడగొద్దు, నేను మిమ్మల్ని అడుగుతా," అని దిండు సర్దుకున్నాడు.

ఆ షెడ్డులో కూలి రెండు రకాలు. లేత్ దగ్గర నిలబడి మంచంకోళ్ళు, చపాతీ కర్రలు, ఉయ్యాల కమ్ములు పట్టేవాళ్ళది నిలబడిన కూలి, రోజుకు ఏడు వందలు. కింద కూర్చుని వాటిని రుద్ది, నునుపు చేసి, వార్నీషు పూసేవాళ్ళది కూర్చున్న కూలి, మూడు వందల యాభై. బదరీనారాయణ నాయన కాలంలో పెట్టిన పద్ధతి. దాంట్లో ఎక్కడా మగ అని లేదు, ఆడ అని లేదు. అందుకే అది వినడానికి అంత న్యాయంగా ఉంటుంది. నిలబడేవాళ్ళు ఎప్పుడూ మగవాళ్ళే, కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఆడవాళ్ళే కావడం ఎవరి తప్పూ కాదు.

మూడేళ్ళ కిందట ఆడవాళ్ళు అయిదుగురూ కలిసి యాభై రూపాయలు పెంచమని అడిగారు. కుదరదని బదరీనారాయణ తాను చెప్పలేదు. అంత తెలివితక్కువవాడు కాదు. "ఉస్తాదువి, నువ్వు చెప్పు మాబూ," అన్నాడు. ఉస్తాదు అన్న మాటకు మాబు సాబ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"నీడలో కూచోని, మాట్లాడుకుంటా చేసే పనికి ఇంకా ఎంత ఇయ్యల్ల సావుకారీ? నిలబడి చేస్తే తెలుస్తాది," అన్నాడు, పెళ్ళాం ముందరే.

కూలి పెరగలేదు. గోడకు గడియారం వచ్చింది, ఎంతసేపు మాట్లాడుకుంటున్నారో చూసుకోమని. ఆ రోజు జమీలాబీ మొగుడికి సంగటి పెట్టింది, ఊరిబిండి పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు, వారం రోజులు.

ఆ నిలబడిన కూలే అతని కాలు తినేసింది. పోయిన శ్రావణంలో వేపపేడు ఒకటి బొటనవేలి కింద దిగింది. షుగరు మనిషి, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి పుండయింది. గుడ్డ చుట్టుకుని నలభై రోజులు సిమెంటు గచ్చు మీద నిలబడ్డాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో స్టూలు ఉంది. కూర్చుంటే సగం కూలి. పైగా ఉస్తాదు. కాలు నల్లబడి వాసన వచ్చినప్పుడు బదరీనారాయణ చేసిన సాయం, అగరొత్తులు రెండు ఎక్కువ వెలిగించడం.

శుక్రవారం, జమీలాబీ పిలిపిస్తే, వెల్డింగు చేసే ఆదెన్న తన సామానుతో వచ్చాడు. లేత్ కాళ్ళు ఎంత కొయ్యాలన్నది పెద్ద ప్రశ్న. మాబు సాబ్ ఒక లెక్క చెప్పాడు, ఆదెన్న ఒక లెక్క చెప్పాడు. జమీలాబీ లెక్క చెప్పలేదు. దారం తెచ్చి, మొగుణ్ణి చక్రాల కుర్చీలోంచి లేపి, చేతులు లేని పాత చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోచేతికి కొలిచి ముడి వేసింది.

"ఈడికి రావల్ల చెక్క. పైకొస్తే రెట్టలు పడిపోతాయి, కిందికిపోతే నడుము పోతాది."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు మాబు సాబ్.

"పదహైదేండ్ల నుంచి నేను యాడ కూచున్నా అనుకుంటాండావు?"

ఆదెన్న ఆ ముడి దగ్గర సుద్దగీత గీసి కోశాడు. కోసిన తర్వాత మోకాళ్ళు దూరలేదు, కింద మోటారు అడ్డం. దాన్ని వెనక్కి జరిపారు. జరిపితే స్టాండు తేలికై, స్విచ్చి వెయ్యగానే మేకపిల్లలా గంతులు వేసింది. నాగలక్ష్మి ఎండిన వంకలోంచి రెండు గోతాల ఇసుక మోసుకొచ్చి దాని మీద పడేసింది. కూర్చుంటే చెక్క పైభాగం కనబడలేదు. వెనక కాళ్ళ కింద దిమ్మెలు పెట్టి మిషన్ను అతని వైపుకు కొంచెం వాల్చారు. ఉలిపిడి పొట్టకు పొడుచుకుంటోంది, నాలుగు వేళ్ళ మేర కోశారు. గోడ మీది స్విచ్చి ఎడమచేతి పక్కకు వచ్చింది. పొట్టు మొహాన కొట్టకుండా ఆదెన్న తన బండి హెల్మెట్టు ఇచ్చి, అద్దం దించాడు.

హెల్మెట్టు పెట్టుకుని, నడుముకు పట్టీతో కుర్చీకి కట్టించుకుని కూర్చున్న మొగుణ్ణి చూస్తే, జమీలాబీకి అతను పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కూడా ఇంత బుద్ధిగా లేడనిపించింది.

"ఆడోళ్ళ మాదిరి కూచోబెడితిరి గదే," అన్నాడు లోపల్నుంచి.

"ఏమన్నా, సీర గూడా తెమ్మంటావా?" అంది నాగలక్ష్మి. "ముసుగు మాత్రం అద్దంతోనే వచ్చేసినాది."

ఆదెన్నకు పద్దెనిమిది వందలు అయింది. పాలిటెక్నిక్ చదివే కూతురు ఫరీన్ పరీక్ష ఫీజుకు దాచిన దాంట్లోంచి తీసింది జమీలాబీ. ఫీజు గడువు సోమవారం. శనివారం మిషను తిరిగితే, వారం కూలి ముందుగా అడగొచ్చు.

శనివారం తిరిగింది.

మొదటి మంచంకోడు చెడింది. రెండోది చెడింది. గుమ్మంలో బదరీనారాయణ ఫోను తీసి కదిరాయన నంబరు వెతకడం మొదలుపెట్టాడు. మూడోది చేతిలోకి తీసుకుని జమీలాబీ వేళ్ళతో తడిమింది. రుద్దే పనే లేదు. పదకొండింటికి మాబు సాబ్ మాట్లాడటం మానేశాడు, పని బాగా కుదిరినప్పుడు అతనికున్న ఒకే గుర్తు అది. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. లేవలేడు, ఒళ్ళు విరుచుకోలేడు. అటూ ఇటూ ఒరిగి, పక్కన కింద కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. నాగలక్ష్మి వీపు వెనక చెయ్యి పెట్టి పిడికిలితో కొట్టుకుంటోంది. జమీలాబీ ఒక కాలు చాపి, చెయ్యి ఆపకుండానే పిక్క పిసుక్కుంటోంది. వాళ్ళు రోజూ చేసేదే. అతను రోజూ నిలబడి ఉండేవాడు, వాళ్ళ తలలు మాత్రమే కనబడేవి.

సాయంత్రానికి ముప్పై ఆరు కోళ్ళు వరసగా నిలబడ్డాయి. నిలబడిన రోజుల్లో నలభై.

బదరీనారాయణ రెండు దిండ్ల మీద నుంచి లేచి వచ్చాడు. ఒక కోడు ఎత్తి చూసి, దించి, ఇంకోటి ఎత్తి, పళ్ళు కనబడేట్టు నవ్వాడు. "భలే! ఉస్తాదంటే ఉస్తాదే. ఉండు, ఫోటో తీస్తా, సంఘం గ్రూపులో పెట్టల్ల. ఆ చక్రాల కుర్చీ యాడ?"

చక్రాల కుర్చీ బయట ఎండలో ఉంది, దాని మీద వార్నీషు డబ్బాలు. ఆయన డబ్బాలు దించి, కుర్చీని తుడిచి, తోసుకొచ్చి, మాబు సాబ్ పక్కన వెనక్కి తిప్పి పెట్టాడు, పదకొండు పేర్లూ పడేట్టు.

"హెల్మెట్ తీసి కొంచెం నవ్వు మాబూ. మా కుర్చీ వల్ల నీకు జీవితం వచ్చినట్టుండల్ల."

మాబు సాబ్ హెల్మెట్టు తీయలేదు. ఫోటో తీశాడాయన.

తర్వాత ఆయన జేబులోంచి నోట్లు తీసి, ఆడవాళ్ళ కూలి ఇచ్చి, మాబు సాబ్‌ది మిషను మీద పెట్టాడు. మూడు వందలు, ఒక యాభై.

"సావుకారీ," అంది జమీలాబీ, "ఇంకో మూడు నూర్ల యాభై మరిస్తివి. వారానిది ముందుగా ఇస్తే ఫరీన్‌కు ఫీజు..."

"మరిచేదేముండాదమ్మా? కూచున్న కూలి. ఇస్తా, వారానిదీ ఇస్తా, ఇదే లెక్కన." చేతులు చాపాడు, తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు. "నేను పెట్టినదా? మా నాయన పెట్టినది. ఆ పొద్దు నేను అడిగితే మాబూనే గదా చెప్పినాడు, ఈళ్ళందరి ముందర? నీడలో కూచోని చేసే పనికి ఇంకా ఎంత ఇయ్యల్ల అని. ఉస్తాదు మాట నేను తీసేస్తానా?"

మాబు సాబ్ కోళ్ళ వరస వైపు చెయ్యి చూపించాడు.

"ముప్పై ఆరు కోళ్ళు, సావుకారీ," అన్నాడు మాబు సాబ్.

"కూచోనే గదప్పా."

మాబు సాబ్ హెల్మెట్టు తీశాడు. మొహం చెమటకు తడిసి, పొట్టు అంటుకుని ఉంది. నోట్ల వైపు చెయ్యి చాచి, వాటిని మిషను చివరకు, బదరీనారాయణ వైపుకు జరిపాడు.

"ఎత్తుకో."

"సోమవారం పాప ఫీజు గదా మాబూ. ఆలోచన చేసుకో. ఆటో రేపు వస్తాది."

"రానీ."

అతను జమీలాబీ వైపు తిరగబోయాడు. పట్టీ నడుముకు బిగిసి ఉంది, సగమే తిరిగాడు. ఆమె చేతిలో గరుకు కాగితం అలాగే ఉంది. మూడేళ్ళుగా ఆమె ఒక మాట కోసం కూర్చుని ఉందో లేదో ఆమె మొహంలో తెలియలేదు.

"ఆ పొద్దు... నేను చెప్పింది తప్పు," అన్నాడు, గొంతులోనే.

"ఏందన్నా?" అంది నాగలక్ష్మి. "మిషను సప్పుడుకు ఇనపడల్యా."

మిషను ఆగిపోయి చాలాసేపయింది. నాగలక్ష్మి తన మూడు వందల యాభై తెచ్చి ఆ నోట్ల పక్కన పెట్టింది. జమీలాబీ లేచి, తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి, తనదీ పెట్టింది.

మాబు సాబ్ రెండు చేతులతో మిషన్ను పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఈసారి అంగడి ముందు బేరమాడుతున్న మనిషి కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"నేను తప్పు చెప్పినా! ఈళ్ళది గూడా పనే సావుకారీ, నా నడుము ఒక్క పొద్దుకే ఇరిగిపాయ. ఆ పొద్దు నాకు తెలీదు, తెలీకుండానే నోరు పారేసుకున్నా. తప్పు నాది!"