దొర కనిపెట్టిన గుడ్డు

ఆ చలికాలం నేను ఆస్ట్రేలియాలో బర్నెట్ నది ఒడ్డున డాక్టర్ థ్వైట్ గుడారాల్లో వంట చేశాను. గొర్రెల బొచ్చు కత్తిరించే పనికి వెళ్లిన మా ఆయన జ్వరంతో పోయి అప్పటికి ఏడాది. పని ఎలాంటిదని అడిగే స్థితిలో నేను లేను.

దొర లండన్ నుంచి వచ్చింది ఒకే ఒక్క ప్రశ్న కోసం. చీమల పుట్టలు తవ్వుకుని తినే ముళ్ల జంతువు ఒకటి మా వైపు ఉంటుంది. అసలు ఏదుపంది కాకపోయినా మేం దాన్ని ఏదుపంది అనే పిలిచేవాళ్లం. అది గుడ్డు పెడుతుందా, పిల్లని కంటుందా? పాలిచ్చేదేదీ గుడ్డు పెట్టదని ఆయన దేశపు పండితులు ఏనాడో తేల్చేశారు. పెడుతుందని తేలితే ప్రాణులను వాళ్లు వరసలు కట్టి రాసుకున్న పట్టికలన్నీ తిరగరాయాలట. ఎనభై ఏళ్లుగా దీని మీద తగువు నడుస్తోందని దొర నాతో గర్వంగా చెప్పాడు.

జంతువులను వెతికి తెచ్చే పనికి జూనోని, ఆమె వాళ్లని కుదుర్చుకున్నాడు. ఆ నేల వాళ్లది. జూనో అనేది గొర్రెల దొరలు పెట్టిన పేరు. అసలు పేరు మాకు చెప్పేది కాదు. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. మొదటి రోజే ఆమె తవ్వుకర్ర ఆనించుకుని కూర్చుని దొరకి సంగతంతా చెప్పేసింది.

"గుడ్డే పెడుతుంది దొరా. ఒక్కటే. ద్రాక్షపండంత ఉంటుంది, మెత్తగా. పొట్ట మీద మడతలో పెట్టుకుని తిరుగుతుంది. పిల్ల బయటికొచ్చాక అక్కడే పాలు నాకుతుంది."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి? చూశాను. మా అమ్మా చూసింది."

దొర నవ్వాడు. "చెప్పడం వేరు జూనో, రుజువు కావడం వేరు. నేను చూడాలి."

"మీ ఊళ్లో ఎవరికైనా బిడ్డ పుట్టిందంటే తల్లిని కోసి చూస్తారా ఏంటి?"

నేను నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాను. దొర మాత్రం పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మర్నాడు బల్ల తుడుస్తూ చదివాను. "ఇక్కడివాళ్ల మాట నమ్మదగింది కాదు. అడిగేవాడికి ఏది ఇష్టమో అదే చెబుతారు." చదివి, పుస్తకం ఉన్నచోటే పెట్టేశాను. దాని మీద దొరతో ఒక్క మాటా అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ తర్వాత కోతలు మొదలయ్యాయి. పొద్దున్నే జంతువులను బుట్టల్లో తెచ్చేవాళ్లు. దొర ఒక్కోదాన్ని వెల్లకిలా పలక మీద పెట్టి పొట్ట చీల్చేవాడు. మగదైతే చీదరించుకుని అవతలికి విసిరేవాడు. ఆడదైతే లోపల వేళ్లు పెట్టి వెతికేవాడు. మామూలుగా అయితే జూనో వాళ్లు ఆ మాంసం కాల్చుకుని తినేవాళ్లే. కానీ దొర వాటి మీద సారా మందులు పోసేవాడు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. గుడారాల వెనక గుట్ట పెరిగింది. కాకులు, ఈగలు, కుళ్లు. నేను పిండి కలుపుతుంటే ఈగలు అక్కడి నుంచి లేచి నా చేతుల మీద వాలేవి. చేతులు మూడుసార్లు కడిగినా రొట్టెకి ఆ వాసనే. దొర ఆ నెత్తుటి వేళ్లతోనే రొట్టె తుంచుకుని తినేవాడు.

అరవై దాటాక ఒక ఆడదాని మడతలో పిల్ల దొరికింది. వెంట్రుక లేని గులాబీరంగు ముద్ద, ఇంకా కదులుతోంది. తల్లి చర్మం మీద పాలు చెమటలా ఊరుతున్నాయి. దొర వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. "చిక్కగా ఉన్నాయి," అని రాసుకున్నాడు. తర్వాత కదులుతున్న ఆ పిల్లని మైనం పలక మీదికి చేర్చి గుండుసూదులు అందుకున్నాడు. నేను చెట్టు చాటుకెళ్లి వాంతి చేసుకున్నాను.

నాలుగు రోజులకి గుడ్డు దొరికింది. మడతలో ఒకటే, ద్రాక్షపండంత, మెత్తగా. దొర కళ్లలో నీళ్లు తిరిగాయి. "హనోరా, ఈ రోజు వరకు ఈ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు," అన్నాడు. జూనో రెండడుగుల దూరంలోనే ఉంది. బుట్ట దించి నదికి నడిచింది.

లండన్‌కి తంతి పంపడానికి దొర గుర్రమెక్కి ఊళ్లోకెళ్లాడు. నేను పుడ్డింగు చేద్దామని గిన్నె కోసం వెతికితే అది ఆయన బల్ల మీద ఉంది. అందులో సారా, సారాలో ఆ పిల్ల. పొద్దున్న నేను పిండి కలిపిన గిన్నే అది. దాన్ని అలాగే వదిలేసి పీపాల దగ్గరికెళ్లాను. మర్నాటి కోతకి వాటిలో తొమ్మిది జంతువులని బతికే ఉంచారు. ఒక్కో పీపా దొర్లించి బోర్లించాను. అవి పారిపోలేదు. ఉన్నచోటే కాళ్లతో మట్టి తోడుకుంటూ నిలువునా దిగిపోయాయి. కాసేపటికి ముళ్ల కొసలు తప్ప ఏమీ కనబడలేదు. జూనో ఒడ్డు మీద నుంచి చూస్తూనే ఉంది.

దొర సాయంత్రానికి తిరిగొచ్చాడు. "ఎవరి పనిది?"

"నాదే."

"ఎందుకు చేశావ్?"

"కడుపులో తిప్పుతోంది దొరగారూ. మీకు గుడ్డు దొరికింది కదా."

"ఒక్కటి సరిపోదు. పెరిగే ప్రతి దశా కావాలి నాకు. నీకు చెప్పినా అర్థం కాదు."

"అర్థమవుతోంది. అందుకే తిప్పుతోంది."

అప్పుడే నన్ను పొమ్మన్నాడు. జూనో వాళ్లు కూడా పని మానేశారు. దొర మాత్రం నది ఎగువన వేరేవాళ్లని కుదుర్చుకుని ఇంకో రెండు నెలలు కోశాడని విన్నాను.

నాకు ఊళ్లో ఒక హోటల్ వంటింట్లో పని దొరికింది. ఆ ఏడంతా మాంసం వండాను గానీ ముట్టలేదు. డాక్టర్ థ్వైట్ కనిపెట్టాడని పేపర్లో వచ్చింది. హోటల్లో బస చేసిన ఒకాయన గట్టిగా చదివి వినిపించాడు.

తర్వాతి చలికాలం జూనో పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది. టీ, రొట్టె పెట్టి పేపరు సంగతి చెప్పాను.

"పేరుదేముంది, రాసుకోనీ," అంది. "రెండు రోజులు నడిచాం అమ్మాయ్. ఏదుపంది ఒక్కటీ కనబడలేదు. నా చెల్లెలి కూతురికి చూపిద్దామని తీసుకెళ్లాను."

ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాను. రొట్టెలో సగం తిని, మిగతా సగం చెల్లెలి కూతురి కోసమని గుడ్డలో మూటకట్టుకుంది.