వానకు పైకొచ్చిన గుల్లలు

సముద్రానికి అడ్డంగా గోడ పూర్తయి నెల దాటింది. ఊరి ముందున్న బురదమేట మీదికి పోటు రావడం ఆగిపోయింది. ఆ గోడ వద్దని కిందటేడు ఊరి బౌద్ధ గుడిలో ఉండే మ్యోఆన్ భిక్షుణి, మరికొందరు సన్యాసులు మూడడుగులకో సాష్టాంగం చేస్తూ రాజధాని సియోల్ నగరం దాకా వెళ్ళారు. మోకాళ్ళు పుళ్ళు పడ్డాయి. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. గోడ మాత్రం ఆగలేదు.

ఆ పొద్దున వాన మొదలైంది. పెళ్ళయి వచ్చింది మొదలు ఆ బురదలోని గుల్లలు ఏరుకునే బతికిన ఓక్‌బున్ అవ్వ, గొడుగైనా లేకుండా గుడి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, రా! చచ్చాయనుకున్నాం గదా, బతికే ఉన్నాయి!"

ఇద్దరూ వెళ్ళి చూశారు. కనుచూపు మేర బీటలు వారిన బురద. ఆ బీటల్లోంచి గుల్లలు వేలకు వేలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాన తడికి, పోటు వచ్చిందనుకున్నాయి.

అవ్వ ముఖంలో సంతోషం అక్కడికక్కడే ఆరిపోయింది.

"పిచ్చిముండల్లారా, ఇది వాననీళ్ళే! లోపలికి పోండి!" అంటూ ఒక్కోదాన్నీ బొటనవేలితో బురదలోకి నొక్కసాగింది. అవి మళ్ళీ పైకే వస్తున్నాయి.

మ్యోఆన్ గుల్లలు ఏరి బకెట్టు నింపుకుంది. అంత దూరం నడిచి, గోడెక్కి, అవతలి అలల్లోకి ఒంపి, మళ్ళీ వచ్చింది. అవ్వ కూడా బుట్ట నెత్తికెత్తుకుంది.

"సముద్రాన్ని చెంబుతో తోడినట్టుంది మన పని. ఇంత ఓపిక మీ బుద్ధుడిచ్చాడా?"

"ఓపిక కాదవ్వా. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తోంది."

మధ్యాహ్నానికి వాన వెలిసి ఎండ చురుక్కుమంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి గుల్లలు తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. మ్యోఆన్ ఒకదాన్ని వేలితో తాకింది. మూసుకోలేదు. పక్కదాన్ని తాకింది. అదీ అంతే.

అవ్వ బుట్ట కింద పడేసి కూలబడింది.

"ఇక కర్మ చెయ్యమ్మా. మా ఆయన పోయినప్పుడు చేశావు గదా, అలాగే."

మ్యోఆన్ చేతులు జోడించింది. మంత్రం మొదట్లో పోయినవాళ్ళ పేరు చెప్పాలి. అక్కడే ఆగిపోయింది.

"ఏమని పిలవను అవ్వా?"

"నన్నడుగుతావేం? పట్టుకుని తిన్నాను, అమ్ముకున్నాను. పేర్లు పెట్టానా?"

పేరు లేకుండానే మ్యోఆన్ మంత్రం అందుకుంది. ఇంతలో ఎక్కడెక్కడి సముద్రపు కాకులో గుంపులుగా గుల్లల మీదికి దిగాయి. వాటి అరుపుల్లో ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు. అవ్వ తలగుడ్డ విప్పి కాసేపు వాటిని అదిలించింది. తర్వాత చెయ్యి నొప్పెట్టి, అది కూడా మానేసింది.