కొసరు పాట

నేను ఒక క్యాసెట్టుని. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు నాలో ఏమీ లేదు. మనుషులు దాన్ని ఖాళీ అన్నారు. నాకైతే నిశ్శబ్దం అనిపించేది. కానీ నా అభిప్రాయం అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగరు.

నన్ను నింపింది చీరాలలో గఫూర్ భాయ్. ఆయనకో రికార్డింగ్ సెంటర్ ఉండేది. జనం తమకి నచ్చిన సినిమా పాటలు చెప్పి వెళ్తే, వాటిని మాలాంటి వాటిలోకి ఎక్కించి ఇచ్చే దుకాణం. ఒకరోజు బట్టల కొట్టు గుమాస్తా వీరభద్రం వచ్చాడు. కొత్తగా పెళ్ళయింది. పాటలు చెబుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"అన్నీ యుగళగీతాలేనా? ఒక్క భక్తి పాటైనా వెయ్యమంటావా?" అన్నాడు గఫూర్ భాయ్.

"వద్దు భాయ్. భక్తి సంగతి ముసలాళ్ళమయ్యాక చూసుకుంటాం."

అడిగిన పాటలన్నీ ఎక్కాక రెండో వైపు చివర కాస్త టేపు మిగిలింది. ఖాళీ టేపు ఇస్తే దుకాణం పరువు పోతుందని గఫూర్ భాయ్ నమ్మకం. అలా మిగిలిన చోట తన స్నేహితుడు యేసుపాదం పాట పెట్టేవాడు. యేసుపాదం పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో పాడే నవజ్యోతి ఆర్కెస్ట్రా గాయకుడు. ఎవరెవరి సినిమా పాటలో పాడి పాడి, మధ్యలో ఎక్కడో తన సొంత పాట ఒకటి దూర్చేవాడు: 'టేసను కాడ నిలుచుంటే బండీ రాదు, నువ్వూ రావు.' దుకాణం వెనక గదిలో హార్మోనియం, డోలక్ పెట్టుకుని దాన్ని రికార్డు చేశారు. కూరగాయలతో కొసరు కరివేపాకులా, ఎవరూ అడగని ఆ పాట చాలా ఇళ్ళకి చేరింది.

వీరభద్రం భార్య హైమావతికి నేనంటే సంబరం. డికాక్షన్ దిగేలోగా ఒక పాట, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఇంకోటి. రెండో వైపు పెడితే మాత్రం చివరి దాకా కదిలేది కాదు. "మీరు డబ్బిచ్చి పెట్టించిన వాటికన్నా ఈ కొసరు పాటే బాగుందండీ" అని భర్తని ఏడిపించేది. ఆయన ఉడుక్కునేవాడు. ఆవిడకి కావలసిందీ అదే.

తర్వాత బాబు పుట్టాడు. వాడికి మాటలొచ్చిన రోజున వీరభద్రం ఆనందం పట్టలేక, చేతికందిన క్యాసెట్టు టేప్ రికార్డర్లో పెట్టి, ఖాళీ అనుకున్న చోట రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాడు. ఆ క్యాసెట్టు నేనే. 'తాత, తాత' అన్న మాటలు ఎక్కుతుంటే కింద యేసుపాదం రెండో చరణం చెరిగిపోయింది. నేను అడ్డం చెప్పలేదు. ఎవరేది ఇస్తే అది మొయ్యడమే నా పని. సంగతి తెలిశాక హైమావతి మొగుడితో మాట్లాడటం మానేసింది. కానీ పిల్లాడి మాటలు ఒక్కసారి వింటే కోపం నిలవదు. అందుకని కోపం చల్లారే దాకా నన్ను ముట్టుకోలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బీరువాలో జాకెట్టు ముక్కల మధ్య ఉన్నాను. టేప్ రికార్డర్ పాతసామాను వాడితో వెళ్ళిపోయింది.

కోస్తా ఊళ్ళలోని ఆర్కెస్ట్రాల చరిత్ర రాయాలని సౌజన్య అనే అమ్మాయి తిరగడం మొదలుపెట్టింది. పాత వాయిద్యగాళ్ళందరూ ఆ స్టేషను పాట పల్లవి పాడారట, చరణం మాత్రం ఎవరికీ రాదు. గఫూర్ భాయ్ దుకాణం, అందులోని అసలు టేపు ఒక తుపానులో పోయాయి. ఇల్లిల్లూ అడుగుతూ వెళ్తే హైమావతి "నా దగ్గరుంది" అంది. మర్నాడు సౌజన్య ఒక ప్లేయరు పట్టుకుని, ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనే యేసుపాదం. గొంతుకి ఆపరేషన్ జరిగి, ఇప్పుడు గుసగుస తప్ప రాదు.

"తాత పాడేవాడంటే మనవలు నమ్మరమ్మా. ఏదీ, ఒకటి వినిపించు అంటారు" అన్నాడాయన. "నా గొంతు ఎట్టా ఉండేదో నాకే గుర్తులేదు. ఈ పాట మొత్తం ఒక్కసారి వినిపిస్తే చాలు."

హైమావతి తల దించుకుంది. "సగమే ఉంది అన్నగారూ. మిగతా సగం ఈయన పుణ్యం. చూడండి, పేపర్ తలకిందులుగా పట్టుకుని ఎలా చదువుతున్నారో."

నన్ను తిప్పారు. పల్లవి, మొదటి చరణం బాగానే వచ్చాయి. యేసుపాదం తన గొంతుని పరాయివాడి గొంతు విన్నట్టు, మెడ పక్కకి వంచి విన్నాడు. ఇంతలో టక్కుమని పాట తెగి, 'తాత! తాత!' అని వినిపించింది.

"ఇదిగో, ఇక్కడా ఒకడు తయారు" అని ఆయన నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు లేదు. రెండో చరణం మాటలు ఆయనకీ గుర్తులేవు. కాగితం చూసి పాడేవాడట. సౌజన్య కలం మూత పెట్టేసింది.

"నాకొచ్చు" అంది హైమావతి.

"నీకు పాడటం వచ్చా?" అన్నాడు వీరభద్రం.

"మీరు చెరిపిందే పాడతాను. నోరు మూసుకుని వినండి."

సౌజన్య ఫోను ముందుకి జరిపింది. హైమావతి వంటింటి గుమ్మానికి ఆనుకుని పాడింది: 'కొన్న మల్లెలు వాడె, కొన్న టిక్కెట్టు నలిగె, ఎంతసేపు, ఇంకెంతసేపు...' 'ఎంతసేపు' దగ్గర గొంతు బాగా సాగి, కిందికి దిగి, మెల్లగా పైకి వచ్చింది.

"అక్కడ నేనట్టా సాగదీయలేదమ్మా. డోలక్ దాటిపోద్ది" అన్నాడు యేసుపాదం.

"సాగదీశారన్నగారూ! అక్కడే కదా నాకు ప్రాణం లేచొచ్చేది."

"ఏదీ, మళ్ళీ పాడు."

ఆవిడ మళ్ళీ పాడింది. ఆయన కుర్చీ చేతి మీద తాళం వేస్తూ, ఆ మాట దగ్గర చెయ్యి గాల్లోనే ఆపి, అది తిరిగొచ్చే దాకా ఆగాడు.

"మరి ఎలా రాయమంటారు?" అంది సౌజన్య.

ఆయన కుర్చీ చేతి మీద ఇంకోసారి తాళం వేసి చూసుకున్నాడు. "నేనే అట్టా పాడానని రాయండి."

పిల్లాడు పుట్టకముందు ఒక ఎండాకాలం, నా టేపు వెళ్ళి రికార్డరు చక్రానికి చుట్టుకుపోతే వీరభద్రం పట్టి లాగాడు. తెగలేదు గాని, సరిగ్గా 'ఎంతసేపు' దగ్గర టేపు సాగింది, దాంతో ఆ మాటా సాగి వినిపించేది. ఆ తర్వాత పిల్లాడి మాటలు ఎక్కింది దానిమీదే కనుక ఇప్పుడు రుజువేమీ లేదు. సౌజన్య పుస్తకంలో అది యేసుపాదం గారి ప్రత్యేకమైన బాణీగా అచ్చయింది. ప్రస్తుతం నేను సౌజన్య సొరుగులో ఉంటున్నాను. యేసుపాదం మనవలు ఆ పాట నేర్చుకున్నారని, ఆ మాటని అలాగే సాగదీస్తున్నారని ఆ అమ్మాయి ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఇన్నేళ్ళలో నేను వినిపించినవన్నీ ఇతరులవి. ఆ ఒక్క మాట మాత్రం నేను పాడాను.