పియానో బుద్ధులు నేర్చిన ఆర్గాన్

అత్తగారి ఆర్గాన్ బాగుచేస్తానని ముందుకొచ్చే కోడలికి బుద్ధి తక్కువై ఉండాలి. బాగుపడితే అది వస్తువు గొప్పతనం, పాడైతే కోడలి పాపం. మ్యూజిక్ కీబోర్డులు రిపేరు చేసి బతికే ఈ కోడలికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసే నెత్తికెత్తుకుంది.

రెండు వరసల మీటలున్న ఆ ఆర్గాన్‌లో శబ్దం పుట్టించే భాగం ఎప్పుడో కాలిపోయింది. కోడలు ప్రతి మీట కిందా సెన్సర్లు బిగించి, మిడి కేబుల్‌తో సౌండ్ మాడ్యూల్‌కు కలిపింది. ఇప్పుడు మీట తనంతట తాను మోగదు. ఫలానా మీట నొక్కారని కబురు మాత్రం పంపుతుంది. ఆ కబురందుకుని పుస్తకమంత ఉన్న ఆ మాడ్యూల్ పెట్టె పాడుతుంది.

అత్తగారు ఒకప్పుడు నిండు హాల్లో ఆర్గాన్ వాయించిన మనిషి. పక్షవాతం వచ్చిపోయాక ఎడమచేతి వేళ్లు కదులుతున్నాయి కానీ వాటిలో సత్తువ లేదు.

"ఇవాళ నా ఎడమ చెయ్యి పలికిందా, సరే. లేదంటే దీన్ని ఎవరికైనా ఇచ్చేసి ఈ గదిలో నీ రిపేరు బల్ల వేసుకో. ఎన్నాళ్లని ఆ బాల్కనీలో ఎండకు మాడతావు?" అని ముందే చెప్పేసింది.

ఆ మాటకు కోడలికి కోపం వచ్చింది. గది మీద తనకు నిజంగానే ఆశ ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది.

మధ్యాహ్నం అత్తగారు స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. పై వరస మీద కుడిచెయ్యి వేయగానే గదంతా నాదంతో నిండిపోయింది. కింది వరస మీద ఎడమచెయ్యి వేసింది. పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టు ఏదో వినబడింది, అంతే.

"వైరు వదులయిందేమో, ఉండండి అత్తయ్యా," అని కోడలు కింది వరస తాను వాయించి చూసింది. అది ఖంగున మోగింది. మోగకపోయినా బాగుండేదనిపించింది ఆమెకు.

"చాల్లే అమ్మాయ్. ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని కాను. పోయింది నా చెయ్యే," అని అత్తగారు లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

కోడలు పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఇందాక మీటలు పంపగా అందులో నమోదైన కబుర్లన్నీ తెరమీద చూసింది. నొక్కిన బలాన్ని బట్టి కుడిచేతివి పెద్ద అంకెలు, ఎడమచేతివి చిన్న అంకెలు. కానీ ఒక్క వేలూ తప్పిపోలేదు. ప్రతి వేలూ కబురు పంపింది. గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలకాలని పెట్టెకు తానే చెప్పి పెట్టింది. పియానోకు అలాగే పెడతారు. రోజూ రిపేరుకు వచ్చేవి పియానోలాంటి కీబోర్డులే కావడంతో చెయ్యి అలవాటుగా ఆ పనే చేసేసింది.

ఆమె నెత్తిన కొట్టుకుంది. ఈసారి నిజంగా మద్దెలే ఓడు! ఆ అమరిక తీసేసి, ఎలా నొక్కినా ఒకేలా గట్టిగా పలికేలా పెట్టి, ఒక్క పరుగున అత్తగారి గదిలోకి వెళ్లింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఒక్కసారి రండత్తయ్యా."

"జాలిపడి ఏమైనా చేశావా?"

"జాలి కాదు, తప్పు చేశాను. రండి, తిడుదురుగాని."

తిట్టొచ్చంటే ఏ అత్తగారు మాత్రం రాదు? వచ్చింది, కూర్చుంది, ఎడమచెయ్యి కింది వరస మీద పెట్టింది. కుడిచెయ్యి ఎంత గట్టిగా పలికిందో ఇదీ అంత గట్టిగానూ పలికింది. అత్తగారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెయ్యి బాగుపడిందా ఏమిటే?"

అవునంటే ఎంత సంతోషిస్తుందో కోడలికి తెలుసు. అయినా అబద్ధానికి నోరు రాలేదు.

"లేదత్తయ్యా. చెయ్యి అలాగే ఉంది. మీట ఎంత బలంగా నొక్కారని పెట్టె ఇక అడగదు, అంతే."

అత్తగారు స్టూలు మీదే ఇటు తిరిగింది.

"బలమా? ఆర్గాన్ ఎప్పుడైనా బలం అడిగిందటే? తాకితే చాలు, పలుకుతుంది. ఎవరే దీనికి పియానో బుద్ధులు నేర్పింది?"

"నేనే."

"నువ్వే మరి," అని అత్తగారు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎడమచేతి వేళ్ల తప్పులన్నీ దాపరికం లేకుండా బయటపడ్డాయి. ఒక వేలు ఆలస్యంగా దిగుతోంది, ఒకటి లేవమన్నా లేవడం లేదు, చిటికెన వేలు పక్కింటి మీట మీద పడుతోంది. గది అపస్వరాలతో హోరెత్తింది. కోడలు తిట్లకు సిద్ధపడి ఆవిడ వంక చూసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఎంత ఘోరంగా వాయిస్తున్నానో విన్నావా?"

"విన్నానత్తయ్యా."

"ఇన్నాళ్లూ ఏ వేలు తప్పుతోందో కూడా తెలిసేది కాదు," అంటూ చిటికెన వేలిని పక్క మీట మీంచి లాగి సరైన చోట పెట్టింది. "తప్పు వినబడితే దిద్దుకోవచ్చే, పిచ్చిదానా."