మిల్లు ఆడని శుక్రవారం

మా చెల్లెలు ఆదిలక్ష్మికి మూర్ఛలు. ఆసుపత్రి బిళ్లలు వేసుకుంటే మూర్ఛ తగ్గేది గానీ రోజంతా మగతగా ఉండేది. క్లాసులో నిద్రపోతోందని, నయమయ్యాకే పంపమని మా ఊరు రేపల్లెలో హెడ్మాస్టరు గారు ఇంటికి పంపేశారు. ఆ ఏడు దానికి ఎస్సెల్సీ.

నేను తెనాలిలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో తెల్ల ఎలుకల్ని చూసుకునేదాన్ని. అక్కడ పాండురంగారావు సార్ మగత రాని మూర్ఛ మందు కోసం ఒక ఆకు పసరును పరీక్షిస్తున్నారు. బాపట్ల కాలేజీలో పాఠాలు చెప్పి, శుక్రవారాలు మాత్రం మా దగ్గరికి వచ్చేవారు.

ఎలుక చెవులకు క్లిప్పులు పెట్టి క్షణం పాటు కరెంటు ఇస్తే దానికి మూర్ఛ వచ్చి వెనక కాళ్లు కర్రల్లా చాచుకుంటాయి. పసరు పట్టిన ఎలుక అలా చాచకపోతే మందు పనిచేసినట్టు. పోల్చడానికి కొన్నిటికి నీళ్లు పట్టేవాళ్లం.

శుక్రవారం సార్ వచ్చేసరికి పది దాటేది; పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ వేళ మందు ముట్టుకోవడానికి సార్ ఒప్పుకునేవారు కారు. అందుకని నీళ్ల ఎలుకల పని ముందే కానిచ్చి, మందు వాటిని భోజనాలయ్యాక చూసేవాళ్లం. నీళ్లవి కాళ్లు చాచేవి. మందువి చాచేవి కావు. వారం వారం అంతే.

"ఇంకొన్నిసార్లు ఇలాగే వస్తే గుంటూరులో పెద్ద డాక్టరు గారితో మాట్లాడి మీ చెల్లికి ఇప్పిద్దామమ్మా," అన్నారు సార్. ఆ మాట ఇంట్లో చెప్పాను. ఆదిలక్ష్మి ఆ రోజే పుస్తకాలకు అట్టలు వేసుకుంది.

ఒక శుక్రవారం మా ప్రయోగశాల ఎదుటి బియ్యం మిల్లులో బెల్టు తెగి పని ఆగింది. ఆ మధ్యాహ్నం మందు పట్టిన ఎలుకలన్నీ కాళ్లు చాచాయి.

"ప్రేమకుమారీ, బోనులు మార్చేశావా?"

"లేదండి."

"మందనుకుని నీళ్లు కలిపి ఉంటావు."

"కలిపింది మీరే కదండీ."

మరుసటి శుక్రవారం భోజనాలయ్యాక మిల్లు మొదలైంది. ఎప్పటిలాగే గదిలో బల్బు వెలుగు తగ్గి ఎర్రబడింది. ఎలుకలకు కరెంటు ఇచ్చే షాకు పెట్టె మీద ముల్లు కూడా కిందికి జారింది. ఇద్దరం దానికేసే చూస్తూ ఉండిపోయాం. ఉదయం ఒడ్లు ఎండబెట్టి మధ్యాహ్నం మర పట్టడం ఆ మిల్లు అలవాటు. బల్బు ఎర్రబడినప్పుడల్లా మిల్లును తిట్టుకున్నామే గానీ, ఎలుకకూ కరెంటు తగ్గుతుందని, అందుకే మందువి కాళ్లు చాచడం లేదని ఇద్దరికీ తట్టలేదు.

"దరిద్రపు మిల్లు!" అని సార్ బల్ల మీద గుద్దారు.

"రెండు రకాలనీ ఉదయమే, ఒకదాని తరవాత ఒకటి చూద్దామండి," అన్నాను.

"రాహుకాలంలో మందా? మీ ఊళ్లో పడతారేమో!"

"ఎలుకలకి రాహుకాలం ఏంటండీ?"

సార్ నన్ను కొరకొర చూశారు. తరవాతి వారం ఉదయమే మొహం కిటికీ వైపు తిప్పుకునే మందు పట్టారు. మందువీ చాచాయి, నీళ్లవీ చాచాయి. మళ్లీ చూశాం, మళ్లీ అంతే. సార్ క్లిప్పులు బల్ల మీదికి విసిరేసి బాపట్ల బండికి వెళ్లిపోయారు. ఎలుకలకు మేత వేసి, బోనులు కడిగి నేనూ ఇల్లు చేరాను.

"ఏంటక్కా, మందేదీ?" అంది ఆదిలక్ష్మి గుమ్మంలోనే.

"అది మందు కాదే."

"మరి ఎలకలకి తగ్గిందన్నావుగా?"

"తగ్గలేదు. మేమే పొరపాటు పడ్డాం."

"ఇన్నాళ్లూ ఎలకల్ని చూసుకున్నావు, ఇకనైనా నన్ను చూడవే," అంది. "బిళ్ల వేసుకునే బడికి పోతా. నిద్రొస్తే గిల్లమని పక్కన కూర్చునే అబీదాకి చెప్పుకుంటా. నువ్వొచ్చి హెడ్మాస్టరు గారిని అడుగు."

సోమవారం నేను తెనాలి బండి ఎక్కలేదు. హెడ్మాస్టరు గారి గది ముందు నిలబడ్డాం. నన్ను చూస్తూనే ఆయన, "నయమైందా?" అన్నారు.

"లేదండి," అన్నాను. "ఇప్పట్లో అవదు కూడానండి. అయినా కూర్చోనివ్వండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు. ఆదిలక్ష్మి ఆవలింత ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ నా పక్కన నిటారుగా నిలబడింది.