జూమ్‌లో నా సాక్ష్యం

తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను. అబుదాబి వచ్చి పధ్నాలుగు నెలలైనా దాన్ని తొడుక్కునే పని ఒక్కరోజు కూడా పడలేదు. ఆ ఆదివారం మా పాలకొల్లు సంఘంవాళ్ళ ఆరాధనలో, దేవుడు నాకు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెప్పాలి. కరోనా వచ్చాక ఆరాధన జూమ్‌లోకి మారింది. దాన్ని నడిపించేది, మైకులు తెరిచేదీ ఆపేదీ మా ఆయన ప్రేమరాజు. "నడుం దాకా కనిపిస్తే చాలు దయా. వెనకాల తెల్లగోడ ఉండేట్టు చూసుకో, హాస్పిటల్లా ఉంటది," అన్నాడు ఫోన్‌లో.

నేను నర్సింగు చదివాను. ఇక్కడి లైసెన్సు పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాను. అందుకని హెల్గా మేడంని చూసుకునే పనిలో చేరాను. ఆమెది జర్మనీ, ఎనభై మూడేళ్ళు. పిల్లల కోసం మాయాలోకాల కథలు రాసింది, పదిహేడు పుస్తకాలు. ఉప్పుగని అడుగున కాపురముండే మరుగుజ్జుల కథలట అవన్నీ. ఇప్పుడు ఇక్కడ కొడుకు విల్లాలో ఉంటోంది. ఆమెకి స్నానం చేయించడం, డైపర్ మార్చడం, గోళ్ళు తీయడం నా పని. ఒళ్ళు తుడిచి పౌడరు రాయగానే "ఖలాస్" అంటుంది. ఆమెకి వచ్చిన అరబ్బీ అదొక్కటే.

ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే సిగ్గుచేటని మా ఇంట్లో తీర్మానించారు. "ముసలోళ్ళ ముడ్డి కడగడానికి దుబాయ్ దాకా ఎందుకెళ్ళిందమ్మా అంటారు నలుగురూ," అని మా అత్తగారు. "హాస్పిటలని చెప్తే నీ నోరేమన్నా అరిగిపోద్దా?" అని ఆయన. అదే అత్తగారు తుంటి విరిగి మంచాన పడితే ఆర్నెల్లు కడిగింది నేను. అప్పుడు దాన్ని ఎవరూ ఆయా పని అనలేదు, అసలు పనే అనలేదు. ఇవన్నీ మనసులో అనుకోవడానికి బాగానే ఉంటాయి. నోటితో మాత్రం సరేనండీ అన్నాను. ఆ సరే నాది, ఎవరి మీదకీ నెట్టను.

స్టోర్ రూములో నిలబడి చెప్పాను. ప్రభువు కృపవల్ల మొదటిసారే పరీక్ష పాసయ్యానని, పెద్ద హాస్పిటల్లో హెడ్ నర్సునని. తెర మీది అరవై గళ్ళలోంచి హల్లెలూయా వినిపించింది. పది ఆజ్ఞల్లో ఏది మీరుతున్నానో తెలిసే, చివర్లో ఆమెన్ కూడా అన్నాను.

స్నానం వేళ మించిపోతోందని యూనిఫాంతోనే మేడం దగ్గరికి వెళ్ళాను. ఏమిటీ వేషం అంది. సాక్ష్యం అన్న మాటకి నాకు తెలిసిన ఇంగ్లీషు కోర్టులో వాడేదే. అదే చెప్పాను. "నేరమేం జరిగింది?" అని అడిగింది పాపం, నిజంగానే కంగారుపడి. ఏమీ లేదన్నాను.

బుధవారం జెన్నిఫర్ ఫోన్ చేసింది. మా సంఘంలో పిల్లే, భీమవరంలో నర్సు. "అక్కా, మీ సాక్ష్యం ఇన్నాకే ధైర్యమొచ్చిందండి. సోమవారం ఇక్కడ రాజీనామా ఇచ్చేత్తన్నాను. షార్జా ఏజెంటు విజిట్ వీసా మీద రమ్మంటన్నాడు, పరీక్ష అక్కడే రాసుకోవచ్చంట. మీరు మొదటిసారే పాసయ్యారు కదండీ." నిజం చెప్పాల్సింది అప్పుడే. "ప్రార్థన చేసుకో అమ్మా," అన్నాను. అంతకంటే పిరికి మాట నా జన్మలో అనలేదు.

ఫోన్ పెట్టేశాక మేడం కాళ్ళకి నూనె రాస్తూ, రాసిన కాలికే మళ్ళీ రాశాను. ఏమైందని ఆమె అడిగింది. అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తన సంగతి చెప్పింది.

కొడుక్కి తట్టు పోసినప్పుడు పక్కన కూర్చుని అల్లిన కథలే ఆమె మొదటి మూడు పుస్తకాలు. అవి భర్త పేరు మీద వచ్చాయట. బడిపంతులు పేరైతే నమ్ముతారు, ఇల్లాలికి రాసే తీరిక ఎక్కడిది అంటారు అన్నాడట ఆయన. లైబ్రరీలో ఆయన ఆ కథలు చదువుతుంటే ఈవిడ వెనకాల కాఫీలు పోసేది. ఒకసారి ఓ పిల్ల లేచి, ఆ మరుగుజ్జు పాపకి చీకటంటే భయమెందుకు లేదని అడిగిందట. ఆయనకి జవాబు తెలియదు. "నాకు తెలుసు. అయినా, సార్ అలసిపోయారు, ఇంకెప్పుడైనా అడుగమ్మా అన్నాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను," అంది మేడం. ఆయన పోయాక నాలుగో పుస్తకం తన పేరుతో వస్తే, మొగుడి దగ్గర బాగానే నేర్చుకుంది అన్నారట జనం. "పేరు పోయినందుకు కాదు, ఆ చప్పట్లకే నాకిప్పటికీ సిగ్గు," అంది.

ఆ సాయంత్రమే ప్రేమరాజుకి చెప్పాను, జెన్నిఫర్‌కి నిజం చెబుతానని. "చెప్పావంటే తెల్లారేసరికి ఊరంతా పాకుద్ది. నేను సంఘంలో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు. ఆ పిల్ల బతుకు గురించి ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడానికి నాకూ నోరు లేదు, మొన్న ఆదివారం నేనూ ఆయన పక్షానే ఉన్నాను. అయినా అరవై మంది ముందు చెప్పిన అబద్ధానికి నిజం ఒకరి చెవిలో ఊదితే సరిపోతుందా?

ఆదివారం వచ్చింది. తెల్లారితే జెన్నిఫర్ రాజీనామా ఇచ్చేస్తుంది. పాస్టర్‌గారు ప్రార్థన అవసరతలేమైనా ఉంటే చెప్పమన్నారు. మేడం మంచం పక్కనే కూర్చుని, నైటీ మీద ఏప్రన్‌తో మైకు ఆన్ చేశాను. "నేను హాస్పిటల్లో లేనండి. పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇక్కడో పెద్దావిడకి స్నానం చేయిస్తాను, డైపర్లు మారుస్తాను. పోయినవారం నేను చెప్పింది—"

మైకు ఆగిపోయింది. మా ఆయన నొక్కేశాడు. పాస్టర్‌గారు గబగబా పాట ఎత్తుకున్నారు, గళ్ళన్నీ అందుకున్నాయి. ఒక గడిలో మాత్రం పెదాలు కదలడం లేదు. నిమిషం తిరక్కుండా, మామూలు కాల్స్ కోసం ఉంచుకున్న నా రెండో ఫోన్ మోగింది.

"అక్కా, మజ్జలో మాట పోయిందండి," అంది జెన్నిఫర్. "పోయినవారం మీరు చెప్పింది ఏంటండీ?"

"అబద్ధం," అన్నాను.