ఉతకని చొక్కా

ఏడో నక్షత్రం ఊడి వచ్చేసరికి సబ్బు బాబాయి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మోచేత్తో పైకి తోసుకుని, ఎనిమిదో చొక్కా మీద బ్లేడు అంచుతో కుట్టు వెతుక్కున్నాడు. సరైన చోట ఒక్క పోగు తెంపితే పక్కన నాలుగు వాటంతటవే వదులుతాయి. తొందరపడి లాగితే గుడ్డ చిరుగుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన నేర్చుకున్న విద్యలో సగం ఈ తొందరపడకపోవడమే.

ఆ గది ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల వరుసల కింద ఉంది. కిటికీ లేదు. మూడు ఉతుకు యంత్రాలు, గోడ పొడవునా తీగలు, ఒక ఇస్త్రీ బల్ల, దాని కుంటికాలి కింద ఎవరిదో పాత బూటు మడమ. పైన జనం లేచి గంతులేస్తే కప్పు నుంచి సున్నం రాలుతుంది. అందుకని మ్యాచ్ ఉన్న రోజు ఉతికిన బట్టల మీద దుప్పటి కప్పుతాడు. గోల్ పడిందో లేదో ఆ దుప్పటి చూసి చెప్పేస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క మ్యాచ్ కూడా కళ్ళతో చూడలేదు. ఆట జరుగుతున్నప్పుడు ఆయనకు పని, ఆట అయ్యాక ఇంకా పని.

సాయంత్రం నాలుగింటికి మ్యాచ్. ఈలోగా ఇరవై రెండు చొక్కాల మీద నక్షత్రాలు విప్పి సుత్తి గుర్తులు కుట్టాలి. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే బల్ల మీద ఇదే పనిని తిరగేసి చేశాడు. సుత్తులు విప్పి నక్షత్రాలు కుట్టాడు. అప్పుడు సుత్తి ఊడిన చోట గుడ్డ ఎండకు వెలవక కొత్త రంగులోనే ఉండిపోయింది. నక్షత్రం ఎంత అడ్డం పెట్టినా సుత్తి పిడి పక్కనుంచి తొంగి చూస్తూనే ఉండేది.

క్లబ్బు అసలు పేరు కొలిమి. ఇనుము పోతపోసే కార్మికులు పని దిగాక ఆడుకోవడానికి పెట్టుకున్న జట్టు. తరవాత టికెట్లు, జీతాలు, ఆఫీసు అన్నీ వచ్చాయి. ఆ తరవాత ఒక వానరోజు వరసగా ఐదు గోల్స్ ఇచ్చి ఓడిపోయారు, డబ్బు తీసుకునే ఓడారని గుప్పుమంది. విచారణ జరిగింది. తప్పంతా గోల్‌కీపర్ ఒక్కడిదేనని తేల్చి, మళ్ళీ మైదానంలో కాలు పెట్టకుండా వెళ్ళగొట్టారు. పరువు దక్కించుకోవడానికి క్లబ్బు పేరు స్టార్స్ అని మార్చుకున్నారు. ఇప్పుడు కొత్త యజమానులకు పాత పేరు మీద ప్రేమ పుట్టింది. పసిబిడ్డకు తాత పేరు పెట్టుకున్నట్టు అందరికీ ముచ్చటగా ఉంది. తాత ఏం చేశాడని మాత్రం ఎవరూ అడగడం లేదు.

అడిగే మనిషి పదిన్నరకు మెట్లు దిగి వచ్చింది. ప్రచార విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి. పైన 'చరిత్ర గది' ఒకటి తయారవుతోంది, సాయంత్రం తెరవాలి. అద్దాల పెట్టెలన్నీ నిండాయి గానీ ఒక్కటి మిగిలిపోయింది, పాతవేమైనా ఉన్నాయా అని అడుగుతూ తొట్టి బోర్లించుకుని కూర్చుంది. గోడవార వరసగా ఉన్న మూడు తొట్లు ఎందుకని అడిగింది. బురదకొకటి, పచ్చికకొకటి, ఉత్త చెమటకొకటి అని చెప్పాడు. ఏ తొట్లో ఎవరి బట్ట పడిందో చూస్తే ఆట తెలిసిపోతుందన్నాడు. ఆమె నమ్మలేదు. పొద్దున సాధన చేసి విడిచిన కుప్పలోంచి ఒక చొక్కా తీసి ఆయన ముందుకు విసిరింది.

బాబాయి దాన్ని తిరగేసి చూశాడు. “ఈ తొమ్మిదో నంబరు వాడు ఇవాళ పరిగెత్తలేదమ్మా. గోడకి ఆనుకుని ఎవరితోనో కబుర్లాడాడు. వీపు మీద సున్నం చూడు. ఎడం భుజం మీదే ఉందంటే ఫోను కుడిచేత్తో పట్టుకున్నాడు.”

ఆమె అక్కడికక్కడే ఎవరికో ఫోను చేసి కనుక్కుంది. వినగా వినగా నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్ళి కుదిరిందట, గంట సేపు ఆ అమ్మాయితోనే మాట్లాడాడట.

నవ్వు తగ్గాక ఆమె కాగితం ముక్క ఒకటి తీసింది. పాత ఆటగాళ్ళ ఇళ్ళకు వస్తువుల కోసం తిరిగిందట. గోల్‌కీపర్ ఇంటికీ వెళ్ళిందట.

“పోయిన చలికాలంలో చనిపోయారట, బాబాయ్ గారూ. డ్రైవింగు స్కూలు నడుపుకునేవారట. క్లబ్బు వస్తువు ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోలేదు. వాళ్ళమ్మాయి నన్ను ఒక్కటే అడిగింది. మా నాన్న నిజంగానే అమ్ముకున్నాడా, ఎవరికైనా తెలుసేమో కనుక్కుని చెప్పగలరా, అని.”

సబ్బు బాబాయి బ్లేడు పక్కన పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. పదో నక్షత్రం మీద బ్లేడు జారి గుడ్డకు గాటు పడింది. అటువంటి తప్పు చేసి ఆయనకు ఎన్నేళ్ళయిందో. చూస్తానమ్మా, మధ్యాహ్నం రా, అన్నాడు.

ఆమె వెళ్ళాక చాలాసేపు అటకమీది అట్టపెట్టె వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ వానరోజు మ్యాచ్ అయిన వెంటనే నాలుగో నంబరు ఆటగాడు తన మూట తానే మోసుకొచ్చి, వీటిని ముందు ఉతికెయ్ బాబాయ్ అన్నాడు. అప్పటిదాకా ఏ ఆటగాడూ ఏది ముందు ఉతకాలో ఆయనకు చెప్పలేదు. ఎందుకన్నాడో చూద్దామన్న కుతూహలంతో మూట విప్పాడు. వానలో ఆడినవాడి నిక్కరుకు వెనకవైపు బురద చుక్కలుండాలి. పరిగెత్తేవాడి కాళ్ళే వాడి వీపు మీద చల్లుతాయి. ఆ నిక్కరు తడిసింది, అంతే. ఒక్క చుక్క లేదు. కాపలా కాయాల్సిన నాలుగో నంబరు నిలబడ్డ చోట నుంచి కదల్లేదు. గోల్‌కీపర్ చొక్కా ముందూ వెనకా బురద ముద్ద, మోచేయి చిరిగిపోయి, భుజం మీద గోల్ గీత సున్నం అట్టకట్టి ఉంది. ఎన్నిసార్లు నేల మీద పడ్డాడో లెక్కలేదు. రెండూ ఉతకకుండా ఆరేసి ఆ అట్టపెట్టెలో దాచాడు.

విచారణకు ముందురోజు గోల్‌కీపర్ ఈ గదికి వచ్చాడు. సరిగ్గా ఆ తొట్టి మీదే కూర్చున్నాడు. బట్టలు చూసి ఆట చెబుతావుగా బాబాయ్, వచ్చి వాళ్ళకొక్కసారి చూపించు అన్నాడు. బాబాయి ఉద్యోగం పర్మనెంటయి నాలుగు నెలలు. అమ్మలక్కలందరికీ స్వీట్లు పంచిపెట్టారు ఇంట్లోవాళ్ళు.

“ఉతికేశానురా,” అన్నాడు.

గోల్‌కీపర్ తీగ మీది బట్టల వంక ఒకసారి చూసి, సరేలే అని లేచి వెళ్ళాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒంటిగంటకు పెద్ద కోచ్ దిగివచ్చాడు. ఆనాటి నాలుగో నంబరే. ఇప్పుడు బొజ్జ వచ్చింది, జుట్టుకు రంగేస్తాడు. తలుపు దగ్గరే నిలబడి, సుత్తులు రెడీనా అని వాకబు చేసి, ప్రచారం పిల్ల ఏమడిగిందని మాటవరసకన్నట్టు అడిగాడు. పాత వస్తువులు అడిగిందని చెప్పాడు బాబాయి.

“పాత మూటలు విప్పకు బాబాయ్. దుమ్ము లేస్తుంది.”

“దుమ్ముతో బతికినవాణ్ణి నాయనా. నాకేం కాదు.”

కోచ్ తలుపు వదిలి దగ్గరకు వచ్చి, ఇంకో ఎనిమిది నెలల్లో నీ రిటైర్‌మెంటు కదూ, ఘనంగా చేద్దాం అని భుజం తట్టి పోయాడు. తట్టిన చోట ఏమీ అంటలేదు. అయినా బాబాయి భుజం దులుపుకున్నాడు.

అమ్మాయి తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు చొక్కాలూ ఇస్త్రీ అయి తగిలించి ఉన్నాయి. బల్ల మీద మాసిన చొక్కా, తెల్లటి నిక్కరు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. బాబాయి అన్నీ చెప్పాడు. ఉతికానని అబద్ధమాడిన సంగతి ముందు చెప్పి, చుక్కల సంగతి తరవాత చెప్పాడు. ఆమె నిక్కరు తిప్పి తిప్పి చూసింది. చొక్కా ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇది కోర్టులో నిలుస్తుందా అని అడిగింది.

“కోర్టు సంగతి నాకేం తెలుసమ్మా. వాడి కూతురు అడిగింది కోర్టును కాదుగా.”

బట్టల మీద నంబర్లు వేసే సిరాకలంతో ఒక గుడ్డ చీటీ రాశాడు. ‘గోల్‌కీపర్ చొక్కా. నాలుగో నంబరు నిక్కరు. ఒకే మ్యాచ్. ఉతికేశానని అతనితో అబద్ధం చెప్పింది నేనే.’ కింద సంతకం పెట్టి, చొక్కాకు పిన్నుతో గుచ్చాడు. మీ ఉద్యోగం పోతుందేమో అంది ఆమె. పోతే ఎనిమిది నెలలే కదా అన్నాడు. ఆ మాట పైకి అన్నాక అది ఎంత చిన్న లెక్కో ఆయనకే ఆశ్చర్యమేసింది.

ఆమె ఫొటో తీసి గోల్‌కీపర్ కూతురికి పంపింది. రెండు బట్టలూ చేతుల మీద పరుచుకుని మెట్లెక్కింది.

నాలుగూ పదికి కప్పు నుంచి సున్నం రాలింది. బాబాయి దుప్పటి సర్దాడు. ఏమనుకున్నాడో, చేతులు కడుక్కుని, ఏప్రాన్ మేకుకు తగిలించి, జీవితంలో మొదటిసారి మ్యాచ్ చూడ్డానికి పైకి వెళ్ళాడు. చివరి వరసలో స్తంభం పక్కన నిలబడి పది నిమిషాలు కళ్ళు చికిలించి చూశాడు. పచ్చటి మైదానం మీద కొత్త సుత్తులు అటూ ఇటూ ఉరుకుతున్నాయి. ఎవడు ఆడుతున్నాడో, ఎవడు ఆడినట్టు నటిస్తున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. అంత దూరం నుంచి అందరూ శుభ్రంగానే కనిపిస్తున్నారు. ఇన్ని వేలమంది దీన్నే టికెట్టు కొనుక్కుని చూస్తారా అనుకున్నాడు.

దిగి వెళ్తూ చరిత్ర గది తలుపు దగ్గర ఆగాడు. అందరూ ఆటలో ఉన్నారు. కోచ్ పెద్ద ఫొటోకు ఎదురుగా, మిగిలిపోయిన ఆ ఒక్క పెట్టె దగ్గర అమ్మాయి నిలబడి తాళం వేస్తోంది. తాళంచెవి జేబులో వేసుకుని, గోల్‌కీపర్ గారమ్మాయి బయల్దేరిందట, అరగంటలో వస్తుందట, ఉండండి బాబాయ్ గారూ అంది. ఆయన ఉండలేదు. ఉతుకు గది తాళాలు ఆమె చేతిలో పెట్టి, మూడో యంత్రం మూత కొంచెం గట్టిగా వెయ్యాలని చెప్పి, గేటు దాటి బస్టాపు వైపు నడిచాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

అద్దాల పెట్టెలో చొక్కా మోచేతి దగ్గర పంతొమ్మిదేళ్ళ నాటి బురద ఎండి పెళుసెక్కి ఉంది. తగిలించేటప్పుడు కదిలి కొంత రాలింది. చెంచాడు మట్టి, పెట్టె అడుగున తెల్లగుడ్డ మీద, ఎవరూ తుడవకుండా.